తోడుమన్ను

ఓబులమ్మ బొటనవేలు తగిలితే మన్ను అద్దమవుతుందని ఆ మట్టి పరిశోధన కేంద్రంలో అటెండరు మొదలు డైరెక్టరు దాకా చెప్పుకునేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. బొందలకుంట కుమ్మరి మద్దిలేటి పెద్దకూతురామె. నడక రాకముందే సారె పక్కన బురదలో పొర్లిన మనిషి. కాలేజీలో భూగర్భశాస్త్రం చదివి, ఎక్స్‌రే యంత్రం దగ్గర టెక్నీషియన్‌గా కుదురుకుని పదకొండేళ్లయినా, చేతికి పుట్టిన గుణం చేతినే పట్టుకుని ఉంది. సీసా మూతంత గుంట ఉన్న పళ్లెంలో మన్నుపొడి నింపి, పైన బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పేది. అంతే. పొడి అంచుకు అంచు సమంగా, పుట్టువెంట్రుకలు తీసిన పసిపిల్లాడి గుండులా నిగనిగలాడేది.

"పైన ఎత్తుపల్లాలుంటే యంత్రం తప్పు చెప్తాది. ఓబులమ్మ చెయ్యి చూసి నేర్చుకోండబ్బా" అని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడు డాక్టర్ మస్తాన్‌వలి. తోడుమన్ను పుట్టించినది ఆయనే.

నల్లరేగడికి ఒక జబ్బుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. తాగిన నీళ్లన్నీ పది ఎండలకు గాలికి అప్పజెప్పి, పైరును ఆకాశం వైపు చూడమంటుంది. ఆ మన్నును లోతుకు పోయి చూస్తే అంతా రేకులే. దోసెల దొంతర మాదిరి రేకు మీద రేకు, రేకుల సందుల్లో నీళ్లు. మస్తాన్‌వలి పన్నెండేళ్లు తలకాయ కొట్టుకుని, రేకు లోపలి అల్లిక మార్చి, సందులో దూరిన నీటిని వదలకుండా పట్టుకునే మన్నును ప్రయోగశాలలో తయారుచేశాడు. వింత అది కాదు. తడిలో తన పక్కనున్న మామూలు రేకుకు అది తన అల్లికను నేర్పుతుంది. ఆ రేకు ఇంకో రేకుకు నేర్పుతుంది. పాలకుండలో మజ్జిగ చుక్క వేసినట్టే. అందుకే దానికి తోడుమన్ను అని పేరుపెట్టారు. ఎకరాకు గుప్పెడు చాలు.

తోడుకొన్న కుండ అంతా పెరుగయిపోతుంది, మరి చేను అంతా ఇదే అయిపోతే? నీళ్లన్నీ మన్నే తాగి కూర్చుంటే వేరుకు మిగిలేదేమిటి? మస్తాన్‌వలి దానికీ ఉపాయం పన్నాడు. చేతులు మారేకొద్దీ అల్లిక బలహీనపడి, నూటికి మూడు నాలుగు పాళ్ల దగ్గర ఆగిపోవాలి. ఆగిందా లేదా అని చూసి చెప్పేది ఎక్స్‌రే యంత్రం. ఆ యంత్రానికి తిండి పెట్టేది ఓబులమ్మ. మూడేళ్లు, తోడు చల్లిన నలభై రెండు ఊళ్ల మన్ను. ప్రతిసారీ మూడు శాతమే వచ్చింది. ప్రతి కాగితం కిందా ఓబులమ్మ సంతకం ఉంది.

* * *

పెద్దాసుపత్రి నుంచి ఫోను రావడానికి నాలుగు నెలల ముందు ఒక ఆదివారం ఆమె బొందలకుంటకు పోయింది. వాకిట్లో కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి ముందు గొంతుక్కూర్చుని, చచ్చిన గొడ్డును చూసినట్టు చూస్తున్నాడు మద్దిలేటి.

"ఏమ్మే ఓబులా, ఈ మన్నుకు ఏం మందు పెట్టినారే మీ సార్లు? వారం దినాలు నీడన పెట్టినా కుండకు చెమట ఆగల్యా. ఆవంలో పెడితే టపటపా పగిలి చస్తాండాయి."

"మూడు శాతమే నాయనా. మూడు శాతానికి కుండ పగలదు. నీకే చెయ్యి తడబడతాంది."

"చెయ్యి తడబడితే కుండ వంకర పోతాది, పగలదు. ఎంత సదివినా నీకు ఆ ముక్క తెలీకపాయె" అని ఆయన తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

ఇంటి వెనక జల్లెడ పట్టిన మన్ను కుప్ప ఉంది. దాని పక్కన చెల్లెలు సుంకులమ్మ అటు తిరిగి కూర్చుని ఉంది. దవడ కదులుతోంది. మొదటి కాన్పు అయిదో నెలలో నిలవక పోయింది. రెండేళ్లు మొక్కని దేవుడు లేకుండా మొక్కి, మళ్లీ ఇప్పుడు మూడో నెల. వేవిళ్లకు తట్టుకోలేక పుట్టింటికి వచ్చింది.

"కక్కు. కక్కుమే ముందు!" అని ఓబులమ్మ పోయి గడ్డం పట్టుకుంది.

"ఒగే రవ్వ అక్కా. తొలకరికి వాసన లేస్తాది సూడు, అది నాలిక మీద ఉన్నట్టుంటాది. బువ్వ పోతాల్యా, ఇది పోతాంది." సుంకులమ్మ పళ్లు నల్లగా కనపడేటట్టు నవ్వింది. "పెట్టకపోతే పుట్టేదానికి చెవి కారుతాదంట. నీ ఇష్టం మరి."

ఓబులమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. చదువుకున్న అక్క, చెల్లెలి పక్కన కూర్చుని, కొంగుతో దాని మూతి తుడిచి, చదువుకున్న మాటే చెప్పింది. "పచ్చిది తినొద్దు, పురుగులుంటాయి. పెనం మీద వేయించుకుని రవ్వంత తిను. తోడు గురించి భయపడాకు. మన ఊరి మన్ను నేనే కొలిచినా, మూడు శాతం."

పెనం వేడికి పురుగు చస్తుంది గానీ మన్ను గుణం చావదు. దానికి కుండలు కాల్చే ఆవం మంట కావాలి.

* * *

ఏడో నెల పడిన పదో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు కేంద్రానికి ఫోను వచ్చింది. పెద్దాసుపత్రి నుంచి డాక్టర్ పరిమళ.

"సుంకులమ్మ అక్కగారేనా? కొంచెం జాగ్రత్తగా వినండి. మూడు రోజులుగా బిందెల కొద్దీ నీళ్లు తాగుతోందట. ఒంటికి మాత్రం పోయడం లేదు. చర్మం పట్టి వదిలితే పైకి లేచినది లేచినట్టే ఉంది. ఉమ్మనీరు సగానికి పడిపోయింది. పేగు నిండా మన్ను. ఎంత తిన్నదో చెప్పడం లేదు, ఏడుస్తోంది."

ఓబులమ్మ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"మామూలు మన్నయితే సెలైన్ పెట్టి, నాలుగు లీటర్ల మందునీళ్లు తాగించి కడిగేస్తాం. బిడ్డ కడుపులోనే ఉంటుంది, తల్లి లేచి కూర్చుంటుంది. కానీ మీ ఊళ్లలో తోడుమన్ను వేశారట కదా. అదే ఎక్కువగా ఉంటే నేను పోసే ప్రతి చుక్కా దానికి మేతే. ఉబ్బి పేగు పగులుతుంది. అప్పుడు కోయాలి. గర్భం ఈ ఎత్తున ఉండగా పేగు చేతికందదు, ముందు బిడ్డను తీయాలి. ఏడో నెల బిడ్డ. బతుకుతుందని మాటివ్వలేను. మీ కేంద్రం కాగితం నా ముందుంది, మూడు శాతమని. అయినా లోపల ఉన్నది చూస్తే నాకు నమ్మకం కుదరడం లేదు. గొట్టం వేసి కొంచెం బయటికి లాగి, మీ నాన్నతో పంపాను. రెండు గంటలకల్లా అంకె చెప్పండి. అంతకు మించి ఆగలేను. నీళ్లు పోయాలా, కోయాలా?"

మద్దిలేటి పదిన్నర దాటాక ఆటో దిగాడు. సీసాను తలగుడ్డలో చుట్టి, గువ్వపిల్లను తెచ్చినట్టు గుండెకానించుకుని తెచ్చాడు. లోపల బొటనవేలంత బూడిదరంగు ముద్ద. సీసా అడ్డంగా వంచితే జారలేదు.

వేడి పెడితే మళ్లీ నీళ్లు తగిలేదాకా రేకులు మూసుకుంటాయి కాబట్టి పొయ్యి పనికిరాదు. ఓబులమ్మ ముద్దను స్పిరిట్‌తో నాలుగుసార్లు కడిగింది. పలచగా పరిచి ఫ్యాను కింద పెట్టింది. గట్టిగా నూరితే అల్లికలే చితికిపోతాయి. అందుకని రోలులో పసిబిడ్డకు జాజికాయ అరగదీసినంత మెత్తగా తిప్పింది. తడి వదలడానికి గంటకు పైనే పట్టింది. మామూలు రేగడికి పావుగంట చాలు. అది ఆమె గమనించింది. గమనించి, స్పిరిట్ పాతదేమో అనుకుంది.

పొడిని పళ్లెంలో నింపింది. బొటనవేలు తిరిగింది. అద్దం.

యంత్రం తలుపు మూసి మీట నొక్కింది. ఎక్స్‌కిరణం పొడి మీద పడి, రేకుల కొలతను బట్టి ఒక్కో కోణంలో వెనక్కి తుళ్లుతుంది. తుళ్లిన చోటల్లా తెర మీద గీత ముల్లులా లేస్తుంది. మామూలు రేగడి ముల్లుకు రవ్వంత కుడిపక్కన తోడుమన్ను ముల్లు లేవాలి. ఇరవై అయిదు నిమిషాలు ఆమె కన్నార్పలేదు. మామూలు ముల్లు పొట్టిగా లేచింది. దాని కుడిపక్కన, ఉందా లేదా అన్నట్టు ఒక చిన్న బొడిపె.

మూడు శాతం.

ఓబులమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "నాయనా, ఏం కాదు. మామూలు మన్నే. నీళ్లు తాగిస్తే పోతాది" అంటూ ఫోను అందుకుంది.

మద్దిలేటి గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన చూపు తెర మీద లేదు. పక్కన బల్ల మీద వరసగా ఉన్న పాత పళ్లేల మీద ఉంది.

"వీటన్నిటికీ నునుపు పెట్టింది నువ్వేనా?"

"నేనే. ఎందుకు?"

"ఎందుకో తెలీకనే అడుగుతాండా. నునుపు పెట్టేది కుండ అమ్మేటప్పుడు కదమ్మీ. కుండ మంచిదా కాదా అని పారజూసేటప్పుడు ఎవుడన్నా నునుపు పెడతాడా? నేను సంతలో ఎన్ని పగులు కుండలు నున్నగా రుద్ది అమ్మినానో మీయమ్మను అడిగితే చెప్తుండె. లోపల ఏముందో కనపడకుండా చెయ్యాలంటే, బొటనవేలికి మించిన పనిముట్టు ల్యా."

ఫోను ఓబులమ్మ చేతిలోనే ఉండిపోయింది.

రెండు మన్నులకూ రేకు మందం ఒకటే. రేకుల సందూ ఒకటే. తేడా అంతా రేకు లోపలి అల్లికలో. పడుకున్న రేకు మందాన్ని మాత్రమే చెప్తుంది, అల్లికను చెప్పేది నిలబడిన రేకు. పొడిలో కొన్ని పడుకుని, కొన్ని వాలి, కొన్ని నిలబడి, సంతలో జనం మాదిరి ఎటుపడితే అటు ఉంటేనే యంత్రానికి నిజం దొరుకుతుంది. పైన బొటనవేలు తిప్పితే నిలబడినవన్నీ పడుకుంటాయి, జారుడు ఎక్కువైన తోడు రేకులయితే అన్నిటికన్నా ముందు. పుస్తకంలో ఉన్నదే. పరీక్షలో రాసి పదికి తొమ్మిది తెచ్చుకున్నదే. తల చదివింది, వేలు చదవలేదు. యంత్రంలో పోల్చి చూసుకునే మేలుబంతి పళ్లేన్ని మస్తాన్‌వలి తన ముతక చేత్తో తానే నింపాడు. మిగతావన్నీ ఆమె నింపింది. నలభై రెండు ఊళ్లు, రాళ్ల నేలా రేగడి నేలా, అన్నింటా ఒకటే మూడు. చీమల బారు కూడా అంత తీరుగా నడవదు. మూడేళ్లుగా ఆ యంత్రం కొలిచింది మన్నును కాదు, ఆమె బొటనవేలిని.

గడియారంలో పన్నెండూ యాభై.

ఓబులమ్మ పళ్లెంలోని పొడిని బ్లేడుతో గీకి కాగితం మీద పోసింది. ముద్దకట్టిన చోట్ల మళ్లీ మెల్లగా విడదీసింది. నింపబోతే కుడిచేతి బొటనవేలు తనంతట తానే పళ్లెం మీదికి పోయింది. ఆమె చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది. మందులపెట్టెలోంచి కట్టుగుడ్డ తీసి తండ్రి ముందుకు చెయ్యి చాపింది.

"ఈ వేలిని అరచేతిలోకి మడిచి కట్టెయ్ నాయనా."

"దానికేమాయె?"

"అది నా మాట ఇనల్యా."

మద్దిలేటి గట్టిగా రెండు ముళ్లు వేశాడు. నాలుగు వేళ్లతో, వేలు తెగిన మనిషిలా ఆమె కాగితం మడతలోంచి పొడిని పక్కనుంచి జార్చింది. పెన్సిలుతో పళ్లెం అంచును తట్టింది. ఎక్కువైనదాన్ని బ్లేడు అంచుతో కోసి తీసింది గానీ తుడవలేదు, నొక్కలేదు. పొడి పైభాగం మశూచి మొహంలా వచ్చింది. అంత అనాకారి పళ్లేన్ని ఆమె జన్మలో నింపలేదు.

ఈసారి మెల్లగా నడిచే కొలత పెట్టింది. నలభై నిమిషాలు.

పావుగంట గడిచేసరికి ఫోను మోగింది. సుంకులమ్మ మొగుడు లింగమయ్య. "వదినా, ఈమె నిలవనీడంల్యా. నీతో మాట్లాడతాదంట" అని ఫోను ఇచ్చాడు.

ముందు ఊపిరి వినపడింది. ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు. "అక్కా... గుక్కెడు నీళ్లు ఇమ్మని చెప్పు. నువ్వు చెప్తే ఇస్తారంట. నాలిక అంగిట్లో అతుక్కపాయె. ఒగే గుక్క. పక్క మంచం ఆమె చెంబు పెట్టుకోనుంది, దాన్నే చూస్తాండా. అక్కా, నేనేం తప్పు చేసినా?"

"కొంచేపు ఓర్చుకో పాపా."

"నువ్వే కదా తినమన్నావు" అంది సుంకులమ్మ. నిష్ఠూరంగా కాదు. దారి తప్పిన పిల్ల ఇల్లు ఎటు అని అడిగినట్టు అంది.

తెర మీద గీత నడుస్తోంది. మామూలు రేగడి ముల్లు లేవాల్సిన చోటుకు వచ్చింది. లేచింది, ఇందాకటి కంటే ఎత్తుగా, ఆగి దిగింది.  గీత రవ్వంత కుడికి జరిగింది. మళ్లీ లేవడం మొదలుపెట్టింది. మామూలు ముల్లు ఎత్తును దాటింది. దాని మీద ఇంకొక ముల్లు పెట్టినంత ఎత్తుకు పోయింది. ఇంకా పోతూనే ఉంది. పాము పడగెత్తేటప్పుడు పారిపోవాలని తెలిసీ కాళ్లు కదలనట్టు ఆమె అట్లే నిలబడిపోయింది.

డెబ్భై ఒకటి.

* * *

మస్తాన్‌వలి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒకే పొడి, ఒకే పళ్లెం, ఒకే యంత్రం. ఒకదాని మీద మూడు, ఇంకొకదాని మీద డెబ్భై ఒకటి. 

"పైన గరుకుగా ఉంటే కూడా యంత్రం తప్పు చెప్తాది ఓబులమ్మా. పొడి ఎత్తు ఒక వెంట్రుకంత మారినా ముల్లు పక్కకు జరుగుతాది. ఇంకోసారి నింపు. మూడో అంకె చూసి చెప్దాం."

"నలభై నిమిషాలు పడుతుంది సార్. ఇప్పుడు ఒకటీ నలభై."

ఆయన కిటికీ దగ్గరికి పోయాడు. అవతల కేంద్రం వాళ్ల సాగుచేను, మొదటిసారి తోడు చల్లిన చేను. నేల ఎక్కడా నెర్రె విడవకుండా నల్లగా నిగనిగలాడుతోంది. పైరు మాత్రం మోకాలెత్తు కూడా లేదు, చివర్లు పండిపోయాయి. అది ఏదో తెగులని ఆరునెలలుగా మందు కొట్టిస్తున్నారు.

"ఇది నిజమైతే..." అని ఆగాడు. నలభై రెండు ఊళ్లు అని పైకి అనలేదు. అనాల్సిన పని లేదు. వెనక్కి తిరిగి, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "ఆసుపత్రిలో ఉన్నది నీ చెల్లెలు కాకపోయుంటే ఇదే మాట చెప్తావా?"

"నా చెల్లెలు కాకపోయుంటే ఈ కొలతే పెట్టేదాన్ని కాదు సార్. మూడు అని చెప్పేసి అన్నం తినేదాన్ని."

మద్దిలేటి గోడ దగ్గర నుంచి లేచాడు. "సారూ, నాకు మీ లెక్కలు తెలీవు. నాలుగు నెలల నుంచి నా వాకిట్లో కుండ ఆరల్యా. ఆరని కుండ ఎంత నీళ్లు పట్టుకోనుంటాదో అది నా బిడ్డ కడుపులో ఉండాది. ఇంకా నీళ్లు పోస్తారా?"

మస్తాన్‌వలి కిటికీ వదిలి వచ్చాడు. ఓబులమ్మ చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"డాక్టరమ్మా, నేను మస్తాన్‌వలి. నీళ్లు పోయొద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. డెబ్భై ఒకటి... అవును, ఆ కాగితం మాదే. అది తప్పు. చించెయ్యండి... నేనే చెప్తాండా. రాసిస్తా. కొయ్యండి."

ఫోను పెట్టేసి, నడుము విరిగినవాడిలా స్టూలు మీద కూలబడ్డాడు. ఓబులమ్మ, మద్దిలేటి అప్పటికే మెట్లు దిగుతున్నారు. ఆమె చేతికి కట్టు అట్లే ఉంది.

* * *

మూడు గంటలకు బిడ్డను బయటికి తీశారు. ఆడపిల్ల. కేజీ నూరు గ్రాములు. ఏడవలేదు, పిల్లికూన మాదిరి ఒకసారి మూలిగింది. అద్దాల పెట్టెలో పెట్టి, లైటు వేసి, ముక్కుకు గొట్టం తగిలించారు. మద్దిలేటి ఆ పెట్టె ముందు నిలబడి, "వేలెడంత ఉండావు, దీనికే ఇంత రచ్చనా" అని గొణిగి మొహం అటు తిప్పుకున్నాడు.

సాయంత్రం దాకా సుంకులమ్మను బయటికి తేలేదు. చివరికి డాక్టర్ పరిమళ వచ్చి మాస్కు కిందికి లాగింది. మొహం నిండా చెమట.

"ఇద్దరూ ఉన్నారు. రేపటిదాకా ఏమీ అడక్కండి." వెళ్లబోయి ఆగింది. ఓబులమ్మను పక్కకు పిలిచింది. "మీరు ఆ మాట చెప్పకపోయుంటే నేను రెండు గంటలకు నాలుగు లీటర్లు పోసేదాన్ని. తీసిన ముద్దను బేసిన్‌లో వేసి, కడుగుదామని సిస్టరు మగ్గు నీళ్లు పోసింది. ఒక్క చుక్క కిందికి కారలేదండీ. మేం చూస్తుండగానే ముద్ద అంచుదాకా లేచింది. పదిహేనేళ్లుగా కడుపులు కోస్తున్నాను. కోసి తీసినది మళ్లీ పెరగడం ఇదే మొదలు."

మర్నాడు పొద్దునకు సుంకులమ్మ మంచం కింద వేలాడదీసిన సంచిలో పసుపుపచ్చటి నీరు దిగింది. నర్సు దాన్ని ఎత్తి చూపించి, "పోసిందమ్మా మీ చెల్లెలు! రెండొందలు!" అని వార్డంతా వినపడేటట్టు చెప్పింది. ఓబులమ్మ జన్మలో ఏ మంచి వార్తకూ అంత సంతోషపడలేదు. ఆ సంతోషం పది నిమిషాలు కూడా నిలవలేదు. మస్తాన్‌వలి నుంచి ఒకదాని వెనక ఒకటి అంకెలు వస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన దాచిపెట్టిన పాత మన్నులన్నీ గీకి, తన ముతక చేత్తో తానే నింపుతున్నాడు. బొందలకుంట అరవై ఎనిమిది. పక్క ఊరు డెబ్భై నాలుగు. దాని పక్క ఊరు డెబ్భై. ఆగాల్సిన చోట ఏ ఊళ్లోనూ ఆగలేదు.

సుంకులమ్మ కళ్లు తెరిచింది. ఓబులమ్మ దూదిని నీళ్లలో ముంచి పెదవులకు అద్దింది. సుంకులమ్మ దూదిని పళ్లతో పట్టుకుని వదల్లేదు. కొంచెంసేపటికి వదిలింది.

"పాప?"

"ఉండాది. నీ ముక్కే. ఇద్దరూ మొండోళ్లే."

సుంకులమ్మ కళ్ల నుంచి నీళ్లు కారాయి. వాటిని చూసి కూడా ఓబులమ్మకు సంతోషమే అయింది. కన్నీళ్లు కారుతున్నాయంటే ఒంట్లోకి తడి వచ్చినట్టే.

"ఇంక ఆ మన్ను జోలికి పోవాకు. ఇంట్లో ఉండేదాన్ని ఎవురూ తాకకుండా గోనెపట్ట కప్పి రమ్మని నాయనను పంపించినా."

సుంకులమ్మ పైనున్న ఫ్యాను వైపు చూసింది. తర్వాత అక్క వైపు చూసింది. ఆ చూపులో ఏదో తేడా కనపడి ఓబులమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది.

"అక్కా, నేనొగదాన్నే తిన్ల్యా."

"అంటే?"

"కుమ్మరోళ్ల మన్ను జల్లెడ పట్టింది, రాయీరప్పా ఉండదని వచ్చేటోళ్లు. ఇంట్లో అత్తలకు తెలీకుండా, కొంగులో ముడేసుకోని పొయ్యేటోళ్లు. నేనే పెట్టినా. కొంతమంది భయపడిరి, ఇది తోడు చల్లిన మన్ను కదా అని." సుంకులమ్మ పెదవులు తడుపుకుంది. "మా అక్క మిషన్లో కొలిచింది, ఏం కాదంట, తినండి అని చెప్పినా."

నర్సు పక్క మంచం దగ్గర ఎవరికో మాత్రలు ఇస్తోంది. చెంబులో నీళ్లు వంచుతున్న చప్పుడు.

"ఎవరెవరికి?" అంది ఓబులమ్మ.

సుంకులమ్మ కుడిచెయ్యి దుప్పటి మీదికి తీసి చిటికెన వేలు మడిచింది. "ఈరమ్మ వదిన. ఆమెకు అయిదో నెల. వడ్లోళ్ల సరోజి. కరెంటాయన పెండ్లాం, పేరు తెలీదు, కొత్తగా వచ్చినారు. ఎగవింటి హుసేన్‌బీ, ఆమెకు నెలలు నిండి దినాలు పడినాయి. మన గంగులు చిన్నకోడలు, మొన్ననే నీళ్లు తెగ తాగుతాండా అని నవ్వతా చెప్పింది..."

ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతికి సూది గుచ్చి, పైన పట్టీ వేసి ఉంది. సుంకులమ్మ పళ్లు బిగబట్టి మెల్లగా దాన్ని కూడా దుప్పటి కింది నుంచి బయటికి తీసింది.